నెమలీక చుట్టిన పురుగు

అమెరికాలో మేముండే బెంటన్‌విల్ నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే, డ్యామ్ దిగువన ట్రౌట్ చేపలుండే నది వస్తుంది. నన్ను మొదట అక్కడికి తీసుకెళ్లింది మా ఆఫీసు సీనియర్. అన్నా అని పిలుస్తాను. ఆయన దగ్గర నాలుగు డబ్బాలుంటాయి, కాలానికొకటి. వాటి నిండా గాలాలకు ఈకలూ దారాలూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగులు. నాది ఒకటే డబ్బా, అందులో ఒకటే రకం.

డ్యామ్ అడుగు నుంచి వచ్చే నీళ్లు ఏడాది పొడుగునా ఒకేలా చల్లగా ఉంటాయి. చేపలు తినే, రాళ్లకింద పాకే పురుగులూ పెద్దగా మారవు. మరి నేనెందుకు మార్చాలి? పూజగదిలో కృష్ణుడి పక్కనున్న నెమలీక నుంచి పోగులు లాగి గాలానికి చుట్టాను. దానిమీద, కుట్టించుకోని జాకెట్టు ముక్క అంచులోంచి తీసిన జరీ పోగు. ఏప్రిల్లో, ఆగస్టులో అదే పనిచేసింది.

"పురుగుకి పట్టుచీర కట్టావేంటమ్మా? ఇది జనవరి, వర్క్ అవదు" అని నవ్వారాయన.

నాకు ఒళ్లు మండింది. దాన్నే నీళ్లలోకి విసిరాను. మధ్యాహ్నానికి ఐదు చేపల్ని పట్టి వదిలాను. ఆయన మూడో డబ్బా తెరిచినా ఒక్కటీ పడలేదు.

"ఒకటి ఇవ్వమ్మా, ట్రై చేస్తా."

ఇచ్చాను. రెండోసారి విసరగానే అది అవతలి ఒడ్డున కొమ్మకు చిక్కుకుంది. అలా చిక్కితే దారం తెంపేసి ఇంకోటి కట్టుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు తెంపలేదు. నడుంలోతు చన్నీళ్లలో నది దాటి, కొమ్మ వంచి, నా పురుగును జాగ్రత్తగా విడిపించుకుని వచ్చారు.