గుటకలో పోయిన గుండుసూది

ఆ కుట్టుదుకాణంలో ఆమెను అందరూ సూదులక్క అనేవారు. పెదాల మధ్య గుండుసూదులు బిగబట్టి ఆమె గౌను సరిచేస్తుంటే ముళ్లపంది కూడా చూసి కుళ్లుకునేది. నోట్లో అన్ని సూదులు పెట్టుకుని మాట్లాడడం కుదరదు. అందుకని 'ఊఁ' అంటే అవునని, తల అడ్డంగా ఊపితే కాదని అందరికీ అలవాటైపోయింది. ఈ సుఖం ఆమెకు ఎంత వంటబట్టిందంటే, ఇరుకున పెట్టే ప్రశ్న ఇంకా వీధి మలుపులో ఉండగానే చెయ్యి సూదుల డబ్బాలోకి పోయేది. "నీతో పోట్లాడే కంటే మిషన్‌తో పోట్లాడడం నయం, అది చప్పుడైనా చేస్తుంది" అని మొగుడు పోయేదాకా వాపోయాడట.

ఆ మధ్యాహ్నం ఒక తెల్ల పట్టుగౌను కాలింది. ఇస్త్రీ అతను మంచినీళ్లకు వెళ్లిన సందులో యజమానురాలి చెల్లెలు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తన చున్నీ చక్క చేసుకుందామని ఇస్త్రీపెట్టె ఎత్తింది. ఫోన్‌లో ఏం విన్నదో, పకపకా నవ్వుతూ పెట్టెను ఆ గౌను మీదే దించి వెళ్లిపోయింది. చూసింది ఎదుటి బల్ల దగ్గరున్న సూదులక్క ఒక్కతే. లేచి పెట్టె తీసేలోపే పట్టు మీద అప్పడమంత మచ్చ పడింది.

మేడమ్ వచ్చింది. ఆ అరుపుకి అద్దాలు పగల్లేదంటే అది అద్దాల గొప్పతనం.

"కళ్లు నెత్తి మీద పెట్టుకున్నావురా?"

"పెట్టెని నిలబెట్టే వెళ్లాను మేడమ్! కావాలంటే అక్కనడగండి, ఎదురుగానే ఉంది" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఏమ్మా, ఇంకెవరైనా ముట్టుకోవడం చూశావా?"

మేడమ్ వెనకాల చెల్లెలు నిలబడి ఉంది. ఎవరికి ఏ పని ఇవ్వాలో, ఎవర్ని రేపట్నుంచి రావద్దనాలో తేల్చేది ఆ చెల్లెలే. సూదులక్క నోట్లో అప్పటికే సూదులున్నాయి. తల అడ్డంగా ఊపింది. ఊపుతూ ఊపుతూ గొంతు ఎండిపోయి ఒక గుటక వేసింది. ఆ గుటకతో ఒక సూది లోపలికి జారిపోయింది.

"నిజమేనా అక్కా?" అన్నాడు ఇస్త్రీ అతను. "రేపట్నుంచి రావద్దు" అంది మేడమ్. అతను చొక్కా తగిలించుకుని మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. పక్కన కూతురు ఇంగ్లీషు పాఠం వల్లె వేస్తోంది.

"గల్ప్ అంటే గబగబా మింగడం. నీళ్లు గల్ప్ చేయొచ్చు. భయమేసి ఊరికే గుటక వేసినా గల్పేనట. ఏడుపు దిగమింగుకున్నా గల్పేనట! ఏంటమ్మా, ఒక్క మాటకి ఇన్ని పనులు?"

"మనకి లేవా? గుటక వేయడం, దిగమింగడం…" అంటూ సూదులక్క ఆగింది. ఆ తర్వాత నాలుక మీదికొచ్చిన మాట గుటుక్కుమనడం. కంచం పక్కకి నెట్టింది. "సూది మింగానే."

కూతురు పుస్తకం విసిరేసింది. ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు. ఎక్స్‌రేలో సూది నిటారుగా, తన ఇంట్లో తానున్నట్టు కనిపించింది.

"కడుపులోకి దిగింది. మామూలుగా దానంతటదే బయటికి పోతుంది. నొప్పొచ్చినా, రక్తం పడినా వెంటనే రండి. ఇంతకీ గల్ప్ ఎలా చేశారమ్మా? తింటూనా, నవ్వుతూనా?" అన్నాడు డాక్టరు.

కూతురు తెలుగు చేయబోయింది. "తెలిసిందిలే" అంది తల్లి. "భయపడి."

"దేనికి భయం?" అన్నది డాక్టరు కాదు, కూతురు.

సూదుల డబ్బా అందుబాటులో లేదు. ఆ తెల్ల గదిలో కూతురి ముఖం చూస్తూ మొత్తం చెప్పేసింది. కూతురు తిట్టలేదు. "మరి ఆయన పని పోయింది కదమ్మా" అంది, అంతే.

పొద్దున్నే దుకాణంలో అందరూ వినేలా సూదులక్క నోరు విప్పింది. చెల్లెలు ముఖం బీట్‌రూట్ అయింది. "నిన్న నీ నోరేమైంది?" అని మేడమ్ అడిగితే, "నా దగ్గరే ఉంది మేడమ్, అదే నా పాపం" అంది. మేడమ్ చాలాసేపు చెల్లెల్ని చూసి, సూదులక్కతో "వాడికి ఫోన్ చెయ్యి" అంది.

"తమ్ముడూ, పెట్టె దించింది నువ్వు కాదని చెప్పేశాను. మేడమ్ రమ్మంటోంది."



"నువ్వు చూళ్లేదని తల ఊపావుగా అక్కా. నువ్వు అబద్ధం చెప్పవని నాకు నమ్మకం. అందుకే రాత్రి మా ఆవిడతో, 'ఏమో, నేనే మర్చిపోయి పెట్టేసుంటానే' అని ఒప్పుకున్నాను. పిల్లల ముందు."

"తప్పయిపోయింది తమ్ముడూ. వస్తావా?"

"రాక ఏం చేస్తాను? కానీ నా బల్ల నీ ఎదురుగా వద్దు. అటు కిటికీ దగ్గరికి మార్పించు."

ఎవర్నీ సాయం పిలవకుండా సూదులక్క ఆ బరువైన బల్లను తానే లాగడం మొదలుపెట్టింది. సగం దూరంలో కడుపులో కలుక్కుమంది. ఒక్క క్షణం ఆగి, చెయ్యి నడుముకి ఆనించి, మళ్లీ లాగింది.