నెట్టకుండా అక్కల్‌కోట

సోలాపూర్ నీలం నగర్‌లో జాబర్ పురుషోత్తాన్ని ఎరగని కార్ఖానా లేదు. మగ్గాలను విప్పి బిగించడం, చెడిపోతే బాగు చేయడం జాబర్ పని. నలభై పవర్‌లూమ్‌లు ఒక్కసారిగా ధడధడలాడే షెడ్డులో ఇరవై రెండేళ్లు నిలబడినందుకు అతని చెవులు సగమే మిగిలాయి. అందుకని మగ్గం రోగాన్ని అరచేతితో పట్టేవాడు. చట్రం మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపటికి "ఎడమ దిక్కు బోల్టు" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది.

మాట తక్కువ మనిషి. అసలు ఆ షెడ్డుల్లో ఎవరికీ మాటలతో పెద్దగా పని పడదు. పిడికిలి బిగిస్తే మగ్గం ఆపమని. వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే నడపమని. చెంప మీద అరచెయ్యి పెడితే మోటరు వేడెక్కిందని. అతని భార్య విమల పెళ్లయిన కొత్తలో అదే షెడ్డులో కండెలకు నూలు చుట్టేది. ఆలుమగలు మొదటి ముచ్చట్లు ఆ చేతులతోనే ఆడుకున్నారని వాడలో చెప్పుకునేవారు. పిల్లలు పుట్టాక ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టడానికి మారింది కానీ, చేతుల భాష ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. ముఖ్యంగా పోట్లాడుకునేటప్పుడు.

పంతొమ్మిది వందల ఎనభై ఏడులో వాళ్ల పోట్లాటకు గట్టి కారణమే దొరికింది.

బార్షి దిక్కున ఒక పాత జాగీర్దారు వాడాలో, అంటే పెద్ద లోగిట్లో, నీళ్ల ఇంజను బాగు చేయడానికి పురుషోత్తం వెళ్లాడు. అక్కడి కొట్టంలో జొన్నచొప్ప కింద నుంచి పొడుగాటి ముక్కు ఒకటి బయటికి పొడుచుకుని కనబడింది. చొప్ప తీస్తే కారు. రెండే తలుపులు. మనిషి నడుము ఎత్తు కూడా లేదు. ఒకప్పటి ఎరుపు రంగు ఎండిన మిరపకాయలా నల్లబడింది. దూర దూరాల ఊళ్లకు వేగంగా, సుఖంగా పోయి రావడానికి ఇటలీలో చేసిన కారట. జాగీర్దారు కొడుకు ఓడలో తెప్పించుకున్నాడు, పూనాకు రెండుసార్లు పోయొచ్చాడు, ఆ తర్వాత పదకొండేళ్లుగా అది చొప్ప కిందే ఉంది. స్టీరింగు మన బళ్లలా కుడివైపు కాక ఎడమవైపు ఉంది. వేగం చూపించే మీటరు మీద అంకెలు రెండు వందల ఇరవై దాకా ఉన్నాయి. పురుషోత్తం దాని బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. లోపల ఇంజను నడవడం లేదు, తెలియడానికి ఏమీ లేదు. అయినా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

విడిభాగాలు దొరకని, పెట్రోలు నీళ్లలా తాగే ఆ బండిని ఎవరైనా తీసుకుపోతే చాలన్నట్టుంది ఆ ఇంటివాళ్ల సంగతి. సొంతంగా ఒక పాత మగ్గం కొనుక్కోవాలని ఆలుమగలు ఆరేళ్లుగా కూడబెట్టింది కాస్తా దానికి సరిపోయింది.

కారును టెంపోకు తాళ్లతో కట్టి ఇంటి ముందుకు తెచ్చిన రోజు విమల గడప మీద నిలబడి చాలాసేపు చూసింది.

"ఏందిది?"

"ఇటలీ కారు."

"మరి మగ్గం యాడుంది?"

పురుషోత్తం తాడు విప్పసాగాడు. "నడుస్తది విమలా," అన్నాడు చివరికి. "నాలుగు నెలలు టైం ఇయ్యి. నిన్ను కూసుండబెట్టుకోని తిప్పుత."

"నడువనీ. మా అక్క ఊరు అక్కల్‌కోట దాక పోయి, ఎవ్వరు నెట్టకుండ మళ్ల ఇంటికి రానీ. అప్పుడు కూసుంట. అందాక ఆ తలుపు ముట్ట."

అక్కల్‌కోట అక్కడికి ఇరవై అయిదు మైళ్లు కూడా లేదు. పురుషోత్తానికి అదొక షరతులాగే అనిపించలేదు.

నాలుగు నెలలు కాదు, ఎనిమిది నెలలు పట్టింది. మగ్గంలో నాడెను కొట్టే తోలుముక్కలను కోసి ఇంజనుకు వాషర్లు చేశాడు. ఇటలీ భాషలో ఉన్న పుస్తకంలో బొమ్మలు చూసి, రెండు కార్బురేటర్లను అరచేతితో తడుముతూ సరిపెట్టాడు. ఒక ఆదివారం పొద్దున అది దగ్గి, ఉమ్మి, మొత్తానికి పలికింది. వాడంతా పోగైంది.

ఆ వాడ జనానికి తెలిసిన కారు పని ఒక్కటే. పెళ్లికొడుకును ఊరేగించడం. బ్యాండు ముందర, ఆడేవాళ్లు మధ్యలో, వెనక కారు, మనిషి నడకకన్నా నెమ్మదిగా. పురుషోత్తం కాదనలేకపోయేవాడు. మొదటి వరుడు రెండో సందు మలుపు దాకా రాజాలా వచ్చాడు. అక్కడ రేడియేటరు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. మిగతా దారంతా కారును బావమరుదులు నెట్టారు. రెండో పెళ్లికీ అంతే, ఐదో పెళ్లికీ అంతే. దానికి నెట్టుడు కారని పేరు పడింది. వరుడి పక్కన నిలబడే తోడుపెళ్లికొడుకును ఎంచేటప్పుడు రెక్కల బలం చూసేవారు.

"జాబర్, లైసెన్సు నీకొక్కనికి ఉంటే సాలదు," అనేవాడు కార్ఖానా యజమాని పెంటప్ప. "ఎనక నెట్టే నలుగురికి గూడ తియ్యాలె."

"మెల్లమెల్లగ సెట్టయితది సావుకార్."

"రెండేండ్ల సంది సెట్టే అయితున్నది. నా మగ్గాలను ఇట్లనే సెట్ చేస్తే నేను చాదర్లు అమ్ముడు బంద్ చేసి నీతోని కారు నెట్టుకుంట తిరగాలె."

పురుషోత్తం నమ్మకం వేరు. కొత్తగా విప్పి బిగించిన మగ్గానికి అతను చిన్న పుల్లీ వేసి, కొన్నాళ్లు తక్కువ వేగంతో నడిపించేవాడు. అన్నీ ఒకదానితో ఒకటి కుదురుకునే దాకా తొందరపెట్టకూడదు. ఇరవై రెండేళ్లలో ఆ పద్ధతి అతన్ని ఒక్కసారీ మోసం చేయలేదు. అందుకే కారును కూడా రెండో గేరులో, మీటరు ముల్లు ముప్పై దాటకుండా నడిపాడు. చెడిన ప్రతిసారీ విప్పి బిగించేవాడు. బిగించాడు కాబట్టి మళ్లీ నెమ్మదిగా నడిపేవాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్టీరింగు ఎడమవైపు ఉండటం వల్ల ముందు ఏ ఎడ్లబండి ఉన్నా, దాన్ని దాటడానికి ఎదురుగా ఏమొస్తోందో కనబడదు. కుడిపక్క సీట్లో ఎవరైనా కూర్చుని చూసి చెప్పాలి. ఆ సీట్లో ఎవరిని కూర్చోబెట్టినా, అప్పటిదాకా అందులో ఊరేగిన పద్దెనిమిది మంది పెళ్లికొడుకుల్లో ఒకడిలా ముందుకు చూసి నవ్వుతూ ఉండేవాడే తప్ప దారి చూసేవాడు కాదు. అక్కల్‌కోటకు నాలుగుసార్లు బయలుదేరాడు. నాలుగుసార్లూ కుంభారి దాటకుండానే ఏదో ఒక ట్రాక్టరు వెనక పాకి పాకి, మరిగిపోయి, ఎవరితోనో నెట్టించుకుని తిరిగొచ్చాడు.

విమల నెట్టి వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చేది. అతనికీ ఇచ్చేది. దెప్పిపొడిచేది కూడా కాదు. వాడలో ముసలివాళ్ల నుంచి పెంటప్ప దాకా ఆ కారు ఎక్కని మనిషి ఆమె ఒక్కతే. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు కారు చుట్టూ ఊడ్చి, తలుపుకు చీర చెంగు తగలకుండా జరిగేది. ఆ జరగడం పురుషోత్తానికి పెంటప్ప వెక్కిరింతలన్నింటికన్నా ఎక్కువ తగిలేది. మగ్గం డబ్బు పోయిందని కాదు ఆమె బాధ, అడగకుండా పోయిందని. అది అతనికి తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఆమెను ఆ సీట్లో కూర్చోబెట్టగలిగితే చెప్పకుండానే చెప్పినట్టవుతుందనుకునేవాడు.

తొంభై మాఘంలో విమల అక్క వసంత మనవరాలిని తొట్టెలలో వేసే వేడుక వచ్చింది. వాళ్లమ్మ కాలం నాటి ఇత్తడి తొట్టెల గొలుసులు నాలుగు విమల దగ్గర ఉన్నాయి. ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి బిడ్డా వాటికి కట్టిన తొట్టెలలోనే ఊగింది. పన్నెండింటికి ముహూర్తం. విమల తొమ్మిదిన్నర బస్సుకు బయలుదేరుతూ, బరువైన గొలుసుల సంచిని స్టాపు దాకా తెమ్మని భర్త చేతికిచ్చింది.

అతను సంచి పట్టుకుని బయటికొచ్చాడు. బానెట్ మీద కాకి రెట్ట కనబడింది. సంచి సీట్లో పెట్టి, గుడ్డ తీసి తుడిచాడు. తుడిచినచోట మెరిసింది, పక్కన మెరవలేదు. పక్కన కూడా తుడిచాడు. తర్వాత చేతులు ఊపుకుంటూ స్టాపుకు వెళ్లి, అప్పటికే కిక్కిరిసిన బస్సులోకి విమలను ఎక్కించి, బస్సు కదిలాక ఇంటికొచ్చాడు. సీట్లో సంచి ఉంది. బస్సెక్కే తోపులాటలో ఆమెకూ గుర్తురాలేదు.

తర్వాతి బస్సుకు పోతే పన్నెండు దాటుతుంది. కారు తాళం తీశాడు.

కుంభారి ముందర బస్సును అందుకున్నాడు. అందుకోవడం పెద్ద పనేం కాదు, బస్సు ప్రతి స్టాపులో ఆగుతోంది. దాటడమే కష్టం. కుడివైపు ఏముందో కనబడదు. హారన్ కొడితే బస్సు డ్రైవరు అలవాటుగా తనూ ఒకసారి కొట్టి ఊరుకున్నాడు. బస్సు వెనక ముప్పై మీద పాకుతుంటే వేడి ముల్లు పైకి లేవసాగింది.

బస్సు వెనక అద్దంలో ఒక చెంగు దుమ్ము తుడిచింది. చివరి వరుసలో కుడి మూల కిటికీ పక్కన విమల. ఆమెకు చోటు అక్కడే దొరికింది. ఒక స్టాపు నుంచి బస్సు ముందుకు పోతే, అందుకోవడానికి అతను కాస్త ఉరికించి, మళ్లీ ముప్పైకి దిగాడు.

పురుషోత్తం ఒక చేత్తో గొలుసు పైకెత్తి చూపించాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అతను చెంప మీద అరచెయ్యి పెట్టాడు. ఇంజను వేడెక్కిందని. విమల తల అడ్డంగా ఊపి వేలు గుండ్రంగా తిప్పింది. నడుపు. అతను అర్థం కానట్టు పిడికిలి చూపించాడు. ఆపుతా. ఆమె అద్దానికి దగ్గరగా జరిగి, అతని వెనక గాలిలోకి వేలు చూపిస్తూ పొగ లేస్తున్నట్టు చెయ్యి ఆడించి, మళ్లీ వేలు తిప్పింది. ఈసారి ఇంకా వేగంగా.

ఆ తర్వాత కుడి కిటికీలోంచి తల బయటపెట్టి ముందుకు చూసింది. లారీ ఒకటి ఎదురొచ్చింది. అద్దంలోంచి పిడికిలి. లారీ పోయింది. రెండు ఎడ్లబళ్లు. పిడికిలి. మళ్లీ బయటికి చూసి వచ్చి, వేలు చక్రంలా తిప్పింది.

పురుషోత్తానికి కుడివైపు ఏమీ కనబడలేదు. ఆ వేలు కనబడింది. కాలు కింది దాకా తొక్కాడు.

రెండేళ్లుగా దగ్గుతున్న ఇంజను మరి రెండుసార్లు దగ్గి, ఆ తర్వాత దగ్గలేదు. బస్సు చక్రాలు పక్కగా వెనక్కి జారిపోయాయి. ముల్లు యాభై దాటింది, డెబ్బై దాటింది. స్టీరింగు మీద ఉన్న అతని అరచేతుల్లోకి ఒక సన్నటి, సమమైన అదురు వచ్చింది. ఒక్క దారం తెగకుండా నడిచే మగ్గం మీద చెయ్యి పెట్టినట్టు. వళసంగ్ దగ్గర చూస్తే ముల్లు తొంభై మీద ఉంది, వేడి ముల్లేమో కిందికి దిగి సగంలో నిలబడింది. గాలి లోపలికి కొడుతోంది. పక్క సీట్లో గొలుసులు గలగలలాడుతున్నాయి.

విమల బస్సు దిగేసరికి గొలుసులు వసంత ఇంటి దూలానికి వేలాడుతున్నాయి. పురుషోత్తం కారు బానెట్ ఎత్తి, ఇంజను ప్లగ్గు ఒకటి విప్పి చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. ఎప్పుడూ మసితో నల్లగా వచ్చేది, ఇప్పుడు గోధుమరంగులో శుభ్రంగా ఉంది.

"నీకెట్ల తెలిసింది?" అన్నాడు.

"నువ్వు మెల్లగొస్తుంటే ఎనక నల్లపొగ. మధ్యల స్టాపు దాటినంక జర ఉరికించినవు గద, అప్పుడు పొగే లేదు. కార్ల కూసున్నోనికి ఎట్ల కనబడ్తది? ఎనక నెట్టేటోళ్లకు ఎరుకుండాలె, వాళ్లు నీకు చెప్పకపోయె."

"నేను దాన్ని మగ్గం అనుకున్న."

"అది బరోబర్ తెలుసు నాకు," అంది విమల. "మగ్గమనుకునే కొన్నవు. నన్ను అడుగకుండ."

పురుషోత్తం ప్లగ్గును గుడ్డతో తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "అడిగేది ఉండె," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "అడిగితె వద్దంటవని అడుగలే. తప్పయింది."

విమల ఆ గుడ్డను అతని చేతిలోంచి తీసుకుంది. "లోపలికి రా, పాపకు పేరు పెట్టే టైం అయితున్నది," అని నడిచింది.

భోజనాలయ్యాక, పొద్దు వాలకముందే పురుషోత్తం తిరుగు ప్రయాణానికి లేచాడు. ఈ కారు కీర్తి అక్కల్‌కోట దాకా పాకి ఉంది కాబట్టి వసంత ఇంటి మగవాళ్లు నలుగురు చెప్పకుండానే చొక్కా చేతులు మడిచి వెనక నిలబడ్డారు.

"మీరు జరుగుండ్రి," అంది విమల.

"జర ఊతం ఇస్తం వదినా. ఈ కారుకు అలవాటే గద."

"ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు. పెడితే మళ్ల లెక్క మొదటికొస్తది."

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నలుగురూ చేతులు గాలిలో అలాగే పెట్టుకుని నిలబడ్డారు. వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పురుషోత్తం కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నువ్వు బస్సుల రా విమలా. నేను ముందు పోయి ఇంటి కాడ నిలబడ్త. సగమే అయింది గద నీ షరతు."

విమల బస్టాండు వైపు చూసింది. కారు వైపు చూసింది. "దారిల ఎవరితోనన్న నెట్టిపిచ్చుకోని, ఇంటికొచ్చి నెట్టలే అంటే నాకెట్ల ఎరుక?" అంది.

"ఒట్టు."

"నీ ఒట్టు ఎవరికి కావాలె. పక్కన కూసోని కండ్లతోని చూస్తనే లెక్క."

కుడిపక్కకు వచ్చి, తలుపు పిడి ఎక్కడుందో ఒక క్షణం వెతికి, తెరిచి, కూర్చుంది. సీటు అంత కిందికి ఉంటుందని ఆమె అనుకోలేదు. చెంగు లోపలికి లాక్కుని తలుపు వేసింది. పురుషోత్తం గేరు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఇంక ఏం చూస్తున్నవ్? పోనీ."

ఊరు దాటాక చెరుకు బండి ఒకటి దారికి అడ్డంగా నిండుగా పోతోంది. అలవాటు కొద్దీ పురుషోత్తం కాలు బ్రేకు మీదికి పోయింది. విమల కిటికీలోంచి మెడ సాచి చూసింది. సైకిలు ఒకటి దాటిపోయేదాకా పిడికిలి బిగించి ఉంచింది. ఆ తర్వాత, ఈ కార్లో ఒకరి మాట ఒకరికి వినిపిస్తుందని తెలిసి కూడా, అతని కళ్ల ముందు వేలు గుండ్రంగా తిప్పింది.