నానమ్మ సంచి, యాభై పోస్టులు

నరిన్ నర్సింగు కాలేజీలో కంప్యూటర్ పాఠం చెప్పే దామిరా టీచరు మొదటి వారమే మాకో పని పెట్టింది. ఒక్కొక్కరూ ఒక బ్లాగు మొదలుపెట్టాలి, ఒకే విషయం మీద రాయాలి, ఏడాదిలో యాభై పోస్టులు పూర్తిచెయ్యాలి. "విషయం మారిస్తే మార్కులుండవు" అంది. నేను మొదటి నెలలోనే మూడు మార్చాను.

ముందు ముఖానికి రంగులు వేసుకోవడం గురించి. ముఖం చూపించడానికి సిగ్గేసి ఒక కన్ను మాత్రం చూపించాను. తర్వాత రోజుకో ఇంగ్లీషు మాట. ఐదింటిలో మూడు తప్పులని టీచరే కింద రాసింది. ఆపైన పుస్తకాల పరిచయం. అందుకు పుస్తకాన్ని చివరిదాకా చదవాలని తెలిసి మానేశాను.

నాలుగోది వ్యానులో వచ్చింది. మా ఊరు కోచ్కోర్‌లో ఏ ఇంట్లో విందు జరిగినా మా నానమ్మ ఉల్కాన్ ఉండాల్సిందే. తినగా మిగిలిన మాంసం, చాక్లెట్లు, బోర్సోకులనే నూనెలో వేయించిన పిండి ముక్కలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం మా దగ్గర మర్యాద. పళ్ళేలతో పాటు సంచులు కూడా విందువాళ్ళే పెడతారు. జనంలో కూర్చుంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు, అందుకని నేనెప్పుడూ విందుకు వెళ్ళలేదు. సంచే నా దగ్గరికి వచ్చేది. నేను హాస్టల్‌లో చేరాక వ్యాన్ డ్రైవరు చేతికిచ్చి అక్కడికీ పంపేది నానమ్మ.

ఒకసారి గదిలో అమ్మాయిల ముందు సంచి విప్పి, "చాక్లెట్లన్నీ ఒకే రకం, మగపెళ్ళివాళ్ళు టోకున కొన్నారు. సలాడ్ మూట వదులుగా ఉంది, కట్టిన కోడలికి అత్తగారి మీద కోపం" అన్నాను. వాళ్ళు పడీపడీ నవ్వారు. ఆ రోజే బ్లాగు పేరు 'సంచిలో ఏముంది' అని మార్చేశాను. వెళ్ళని విందుల మీద తీర్పు చెప్పే బ్లాగు ఇంకెక్కడా ఉండదని నా ధీమా.

చలికాలంలో అమ్మ బిష్కెక్‌లో కుట్టుపనికి కుదిరింది. ఇంట్లో ఆవును చూసేవాళ్ళు లేరు, దాన్ని హాస్టల్‌లో చేర్చుకోరు కాబట్టి చదువు మాని నేనే ఇంటికి వచ్చేశాను. మార్కులు వేసేవాళ్ళు లేకపోయినా పోస్టులు ఆపలేదు. నేను సగంలో వదలనిది అదొక్కటే.

నలభై ఏడో పోస్టులో ఇలా రాశాను: "ఈ వారం సంచిలో ఉచా. కొవ్వు మైనంలా బిగిసింది. బోర్సోకులను తలుపుకు అడ్డం పెట్టుకోవచ్చు. వంటవాళ్ళకు తొందర ఎక్కువ, నిప్పు తక్కువ."

ఊరు రాయలేదు, పేరు రాయలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. కానీ ఉచా అంటే గొర్రె నడుం కింది ముక్క, బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో అందరికంటే పెద్దావిడకే ఇస్తారు. ఆ శనివారం ఊళ్ళో జరిగిన విందు ఒకటే, ఉచా అందుకున్న ఆవిడా ఒకతే. మా ఊళ్ళో ఎముక పేరు చెబితే ఇంటి నంబరు చెప్పినట్టే.

సోమవారం ఆ విందు చేసిన కెంజెకాన్ ఫోను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. నేను ఆవు వెనక్కి తప్పుకున్నాను.

"ఏమ్మా ఉల్కాన్ పెద్దమ్మా, నీ సంచికి నోరొచ్చిందటగా!"

"నా నోట్లోనే పళ్ళు లేవు, దానికి నోరెక్కడిదే?"

కెంజెకాన్ పోస్టు గట్టిగా చదివింది. బోర్సోకుల దగ్గర రెండుసార్లు చదివింది. నానమ్మకు నా బ్లాగు సంగతే తెలియదు. ఆవు వైపు తిరిగింది.

"సైకాల్! ఆ ఆవుకు ఆరు కాళ్ళెప్పుడొచ్చాయే? బయటికి రా!"

నేను వచ్చేలోగా కెంజెకాన్ వెళ్ళిపోయింది.

తర్వాత రెండు శనివారాలు ఊళ్ళో రెండు విందులు జరిగాయి. నానమ్మను పిలవడానికి మా గేటు దగ్గర ఎవరూ ఆగలేదు. రెండోసారి ఆవిడ తెల్ల తలగుడ్డ కట్టుకుని గేటు పక్క బల్ల మీద కూర్చుంది. మా ముందు నుంచి వెళ్తున్న కార్లను లెక్కపెడుతున్నట్టు చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఆవిడకున్న చోటును నేను నాలుగు వాక్యాలతో ఊడగొట్టాను.

"బ్లాగు తీసేస్తాను నానమ్మా."

"ఇంకా ఎన్ని రాయాలి?"

"మూడు."

"కాలేజీ వదిలావు, టైలరింగు వదిలావు, అల్లిక కూడా సగం చెయ్యి దగ్గరే ఆపావు. ఇది వదిలితే చంపుతాను. వెళ్ళి ఆవిడకు ముఖం చూపించి రా. రెండు కళ్ళూ చూపించు."

ఒక కన్ను సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు. సీసాడు మీగడ తీసుకుని కెంజెకాన్ ఇంటికి వెళ్ళాను. తల వంచుకుని గొణిగిన నా క్షమాపణ చెప్పులకే వినబడి ఉంటుంది.

"మీగడ అక్కడ పెట్టు" అంది కెంజెకాన్. "ఆదివారం మనవడి ఉయ్యాల పండగ. మీ నానమ్మను తీసుకుని నువ్వూ రా. వేడివేడిగా తిని, అప్పుడు రాయి."

వెళ్ళాను. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను. మాంసం వచ్చింది, ఉచా మళ్ళీ నానమ్మ ముందుకే వచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ దాన్ని వదిలేసి నా వంక చూశారు. నానమ్మ కత్తి తీసుకుని కోసి సగం నా పళ్ళెంలో వేసింది.

"తిను. సంచిలో దాచే పని లేదుగా, నువ్వే ఇక్కడున్నావు."

"ఇన్నాళ్ళూ నువ్వు రుచి కూడా చూడలేదా?"

"పళ్ళు లేవన్నానుగా."

నోట్లో పెట్టుకుంటే ఆ కొవ్వు కరిగిపోయింది. దానికి పళ్ళతో పనేలేదు. బోర్సోకు వేళ్ళ మధ్య దూదిలా నొక్కుకుపోయింది. నాలుగు గంటలు నానమ్మ కుర్చీ కిందా, ఆపైన వ్యానులోనూ చల్లబడ్డవాటికి ఇన్ని పోస్టులుగా నేను వంటవాళ్ళను తిడుతున్నాను.

"ఎలా ఉందే, జడ్జిగారూ?" కెంజెకాన్ నా వెనకే వచ్చి నిలబడింది.

నేను తల ఊపాను.

"ఫోనులో అంత నోరుందే, ఇక్కడ తల ఒక్కటే తెచ్చావా?"

బల్లంతా నవ్వింది. ఎక్కువ నవ్వింది నానమ్మే.

వచ్చేటప్పుడు కెంజెకాన్ తనే ఒక సంచి నింపి నా చేతిలో పెట్టింది. ఇంటికి చేరేసరికి ఇంకా వెచ్చగానే ఉంది. నలభై ఎనిమిదో పోస్టులో తప్పు ఒప్పుకుని, వంటవాళ్ళందరికీ క్షమాపణ రాశాను. సంచిని మాత్రం కుక్కకు అందకుండా వసారాలో మేకుకు తగిలించాను.

"పిచ్చిదానా, వేడి మీద విప్పుకోరాదటే?"

"విషయం మారిస్తే మార్కులుండవు నానమ్మా. నాది చల్లటి సంచి."