ఇంజన్ మీద అక్క

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. రోజంతా యంత్రం ముందు కూర్చుని ఎదుటివాళ్ళ చూపు సరిచేస్తాడు. సొంత కళ్ళకి మాత్రం రైళ్ళంటే పిచ్చి. ఊరి చివర ఎప్పుడో మూతపడ్డ రైలు మార్గం ఒకటి ఉంది. అతనిలాంటి పిచ్చివాళ్ళే కొందరు కలిసి దాన్ని బాగుచేసి, ఆదివారాలు పాత బండ్లు నడుపుతున్నారు. ఆవిరి ఇంజనూ డీజిల్ ఇంజనూ రెండూ ఒకేరోజు బయటికి తీయడం ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఆ రోజుకి యజమాని గడ్డం పట్టుకునైనా సెలవు సంపాదిస్తాడు.

ఇంట్లో అతనూ, భార్యా, అక్కా. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. చొక్కాల కార్ఖానాలో గుడ్డ కత్తిరించే పని చేసి ఈమధ్యే మానేసింది. ఒట్టి పిరికి మనిషి. కుక్కర్ కూత వేసిందంటే చెవులు మూసుకుని వరండాలోకి పారిపోతుంది. లిఫ్టు ఎక్కదు. తోడు ఎవరైనా దొరికేదాకా రోడ్డు దాటదు. అలాంటిది ఆదివారాలు అల్లికల క్లాసుకి వెళ్తానంటే, పోనీలే, నలుగురిలో పడుతోందని తమ్ముడు సంతోషించాడు.

ఆ ఆదివారం పొద్దున్నే మలుపు దగ్గర కంచె పక్కన చోటు పట్టుకున్నాడు. కెమెరాలవాళ్ళు అప్పటికే బారులు తీరి ఉన్నారు. పక్కన రిటైరైన పోస్ట్‌మాన్. ఎండకీ వానకీ గొడుగు వదలడు కాబట్టి అందరికీ గొడుగు మామ.

ముందు డీజిల్ వచ్చింది. కొత్తగా రంగు వేసిన మూతి మీద ఎండ పడి తళతళలాడుతోంది. అతను చకచకా ఫొటోలు తీశాడు.

"డీజిల్‌దేముందోయ్, గురకపెట్టుకుంటూ పోతుంది. అసలుది వెనకాల వస్తోంది, రెడీగా ఉండు" అన్నాడు గొడుగు మామ.

చెట్ల మీదుగా నల్లటి పొగ లేచింది. అతను పెద్ద లెన్సులోంచి చూశాడు. ఇంజన్ గదిలో తెల్లమీసాల డ్రైవరు. ఆయన పక్కన తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి వంగి, పారతో బొగ్గెత్తి మంటలోకి విసురుతోంది. విసిరి నిలబడి, మోచేత్తో నుదురు తుడుచుకుంది.

అతను కెమెరా దించాడు. అలా మోచేత్తో నుదురు తుడుచుకునే మనిషిని చిన్నప్పట్నించీ చూస్తున్నాడు.

లెన్సు మీద ఏదో మరక ఉందనుకుని గబగబా తుడిచాడు. మళ్ళీ చూశాడు. అక్కే! చెయ్యెత్తి గొలుసు లాగింది. చెవులు చిల్లులు పడేలా ఇంజన్ కూసింది. కంచె పక్కనున్న మగాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆమె రెప్ప కూడా వెయ్యలేదు.

బండి దడదడా దాటిపోయింది. చుట్టూ కెమెరాలు టకటకలాడుతుంటే అతని వేలు మీట మీదే బిగుసుకుపోయింది.

"ఏమైందోయ్, దెయ్యం పట్టిందా?" అన్నాడు గొడుగు మామ.

"మామా... మా అక్క!"

"ఎక్కడ? బండి కింద పడిందా?" అని ఆ పెద్దాయన గొడుగు కింద పారేశాడు.

అతను కంచె వెంబడే స్టేషన్‌దాకా పరిగెత్తాడు. చేరేసరికి అక్క మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. మొహమంతా మసి. తమ్ముణ్ణి చూసి సీసా దించింది.

"చూశావా?" అంది.

"చూశావా ఏంటక్కా! నీకేమైనా మతిపోయిందా? అది బాయిలర్! పేలితే?"

"అరవకురా, జనం చూస్తున్నారు. నువ్వొచ్చే రోజుల్లో నేను ఇటు రాను. ఇవాళ బొగ్గు వేసే ఫైర్‌మన్‌కి నడుం పట్టేసింది. ఏం చెయ్యను?"

"అల్లికల క్లాసో?"

"రెండు వారాలు వెళ్ళాను. కళ్ళు లాగాయి."

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె ముంజేతి మీద నల్లటి మచ్చ కనిపించింది. ఇస్త్రీపెట్టె తగిలిందని చెప్పిన మచ్చ అది. దానికి మందు తెచ్చిచ్చింది తనే.

"కుక్కర్‌కి భయపడతావు కదక్కా" అన్నాడు నీరసంగా.

"కుక్కర్ ఎప్పుడు అరుస్తుందో ఎవడికి తెలుసురా? దీన్ని అరిపించేది నేనే." సీసా మూత బిగిస్తూ అంది, "నీ టిఫిన్ డబ్బా మర్చిపోయావని ఒకసారి ఇక్కడికొచ్చానే, అప్పుడు డ్రైవరుగారు కాస్త ఈ పార పట్టుకోమ్మా అన్నారు. పట్టుకున్నాను. ఇంతవరకూ వదల్లేదు."

తెల్లమీసాల డ్రైవరు లోపల్నించి కేకేశాడు. "ఏమ్మా, మంట తగ్గుతోంది!"

ఆమె మెట్టెక్కి వెళ్ళిపోయింది. అతను ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడ్డాడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గిన్నెలో వండింది తింటూ, ఈ మనిషి ఎవరో తనకి తెలియనే తెలియదు. వెంటనే భార్యకి ఫోన్ చేశాడు.

"అక్క... అక్క ఇంజన్ మీద ఉంది!"

"అయ్యో, కనిపించేసిందా?" అందావిడ తాపీగా. "ఆ మసి బట్టలు ఎవరు ఉతుకుతున్నారనుకున్నారు?"

బెంచీ మీద కూలబడిపోయాడు. ఊళ్ళో అందరి చూపూ సరిచేసేవాణ్ణి, ఇంట్లో సంగతి కనబడలేదే అనుకుంటే సిగ్గు ముంచుకొచ్చింది. సాయంత్రం ఆఖరి బండికి టిక్కెట్టు కొని, ఇంజన్‌కి ఆనుకున్న పెట్టెలో కూర్చున్నాడు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు బండి ఆయాసపడింది. అతను ముందు సీటు గట్టిగా పట్టుకుని, లోపల ఆ పార ఎన్నిసార్లు లేస్తోందో అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. బండి ఎత్తు దాటి దిగడం మొదలుపెట్టాకే కళ్ళు తెరిచాడు.

ఇంట్లో అతను దెబ్బలాడలేదు. "చెయ్యి కాలితే కాలిందని చెప్పు. ఇస్త్రీపెట్టె అని చెప్పకు" అన్నాడంతే. అక్క తలూపింది.

తర్వాతిసారి రెండు బండ్లూ తీసినప్పుడు, మలుపు దగ్గరికి ఏ వేళకి వస్తామో అక్కే ముందుగా చెప్పి పంపింది. అతను అన్నీ సరిచూసుకుని సిద్ధంగా ఉన్నాడు. తీరా ఆమె కనబడగానే చేతులు వణికాయి. బొమ్మలన్నీ మసకగా వచ్చాయి. వాటిలో ఒకదాన్ని అక్క అడిగి తీసుకుంది. పొగలోంచి పార పట్టుకున్న చెయ్యి తప్ప అందులో ఇంకేమీ తెలియదు.