ఒత్తు పడని మాట

రాజీ కేంద్రంలో ఆమెను అందరూ టైపమ్మ అనేవారు. మొగుడూ పెళ్ళాలు ఎదురుబొదురుగా కూర్చుని వెళ్ళబోసుకునే గోడునంతా టైపు చేయడం ఆమె పని. మధ్యాహ్నపు ఎండ పరదాలోంచి వడగట్టుకుని బల్ల మీద పడుతుంటే, చూపు ఎక్కడో పెట్టుకుని, కలలో నడుస్తున్నట్టు టైపు చేసుకుపోయేది. మాటలు చెవిలో పడి వేళ్ళలోంచి జారిపోయేవి, బుర్రకెక్కేవి కావు. ఎక్కితే బతకగలదా పాపం! నిద్రలోనూ ఆ వేళ్ళు ఆగేవి కావు. "రాత్రి నా వీపు మీద ఎవరి గొడవ టైపు చేశావే?" అని పొద్దున్నే మొగుడు ఆటపట్టించేవాడు.

అలా ఒళ్ళు మరిచి పనిచేయగలగడంలో సగం గొప్ప ఆమె కీబోర్డుది. రేడియోలు బాగుచేసే తమ్ముడు ఓపిగ్గా కూర్చుని కట్టి ఇచ్చాడు. ప్రతి మీట కిందా విడిగా ఒక స్ప్రింగు. నొక్కితే 'టక్'మని వేలికి బదులు చెబుతుంది. అక్షరం పడిందా లేదా అని తెర వంక చూడక్కర్లేదు. సాయంత్రానికి మణికట్టు లాగదు. ఆ చప్పుడు విని ఆఫీసువాళ్ళు దానికి గుర్రమని పేరు పెట్టారు.

ఆ గుర్రానికే గండం వచ్చింది. కేంద్రానికి కొత్త మేడం వచ్చింది.

"ఈ టకటకకి ఏడ్చేవాళ్ళు కూడా ఏడుపు ఆపి చూస్తున్నారండీ. కొన్నాళ్ళు ఈ మెత్తటిదాంతో చేసి చూడండి. పని జరిగిపోతే మీదాన్ని ఇంటికి పట్టుకెళ్ళిపోండి," అంది.

టైపమ్మ గుర్రాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టింది. ప్రాణం ఉసూరుమంది.

కొత్తది అట్టముక్కలా పల్చగా ఉంది. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. వేళ్ళు మొద్దుబారాయి. మధ్యాహ్నాల్లో ఆమెకు అలవాటైన ఆ కలలాంటి నడక తప్పిపోయింది.

ఒకరోజు మేడం ముందుకు ఒక దర్జీ, అతని భార్య వచ్చారు. విడిపోదామనే వచ్చారు. భార్య గోడకేసి చూస్తూ చెప్పింది: "మేడ కడతానన్నాడు. మేడ మీద మొక్కలన్నాడు. కిటికీ పక్కన ఇద్దరం కూర్చుని కుట్టుకుందామన్నాడు. ఇతని కల్ల మాటలు నమ్మే వెంట వచ్చాను."

సంతకానికి ముందు దర్జీ టైపైన కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. ఒకచోట ఆగిపోయాడు.

"కలల మాటలు అన్నావా?" మొహం వెలిగింది. "నాకు కల్ల అనే వినబడింది, అబద్ధాలకోరు అన్నావనుకున్నా. నిజంగానే కలగన్నానే. చెప్పినప్పుడు ఒక్కటీ అబద్ధం కాదు."

టైపమ్మ గబుక్కున తెర వంక చూసింది. ఒత్తుకు వేరే మీట ఉంటుంది. రెండు 'ల'ల మధ్య దాన్ని నొక్కితేనే అవి కలిసి 'ల్ల' అవుతాయి. లేకపోతే అలిగిన జంటలా విడివిడిగా నిలబడతాయి. నొక్కింది. ఆ అట్టముక్క అందుకోలేదు. కల్ల కాస్తా కలల అయి కూర్చుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే వెలిగిన ఆ మొహం ఆరిపోతుంది. చెప్పకపోతే ఆ కాగితమే కల్ల అవుతుంది. టైపమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా లేచి నిలబడింది.

"తప్పు నాది బాబూ. ఆమె అన్నది కల్ల మాటలనే. ఒత్తు పడలేదు. ఇప్పుడే సరిచేస్తాను."

దర్జీ తల దించుకున్నాడు. టైపమ్మ కాగితం అందుకోబోయింది.

"ఆగక్కా," అంది అతని భార్య. గదిలోకి వచ్చాక అప్పుడే మొదటిసారి మొగుడి మొహం చూసింది. చాలాసేపు చూసింది. "ఒత్తు పెట్టకు. నా మాట అదే. అలాగే ఉండనీ."

మేడం లేచి సొరుగు లాగి, గుడ్డ విప్పి, గుర్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తప్పుల్లేకుండా మళ్ళీ టైపు చేయండి. ఇకనుంచి దీంతోనే."

టైపమ్మ వేళ్ళు మీటల మీద వాలాయి. ఎండ పరదా దాటి చేతుల మీద పడింది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి టక్, టక్, టక్. క, ల, ల. దర్జీ ఏడుస్తున్నాడు, అతని భార్యా ఏడుస్తోంది. టకటకకి ఎవరూ ఏడుపు ఆపలేదు.

ఈసారి ఒత్తు జారిపోలేదు. టైపమ్మే వేయలేదు.