చార్టులో ఆఖరి వరస

ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, సాక్చి బజారులో ఉన్న మా కళ్లద్దాల దుకాణం మెట్లు దిగేటప్పుడు ఆయన చెప్పు విప్పి, బొటనవేలితో మెట్టు అంచు తడుముకునేవాడు. మెట్టూ సిమెంటే, నేలా సిమెంటే, అంతా ఒకటే బూడిద రంగు.

ఆయన ఒక షెడ్డులో క్రేను నడిపేవాడు. మా శ్రీకాకుళం వైపు మనిషని బాబాయ్ అనేవాణ్ణి. కళ్లజోడు ఉన్నన్నాళ్లూ ఆయనకి ఈ తడుములాట లేదు. వేడికి అద్దాలు చెమరుస్తున్నాయని కాంటాక్ట్ లెన్సులు అడిగాడు. ఆయనది సిలిండర్ పవరు, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా ఉండదు. అలాంటి కంటికి సరిపోయే లెన్సు కోల్‌కతా నుంచి తెప్పించాలి. బద్ధకించి, పవరు కాస్త సర్ది, మామూలువి ఇచ్చేశాను. గోడమీది చార్టు ఆఖరి వరస దాకా చదివాడు.

వారానికే తిరిగొచ్చాడు.

"తెల్లబోర్డు మీద నల్లచ్చరాలు బాగానే కనబడతన్నాయి బాబూ. మా షెడ్డంతా బూడిద రంగే గదా. కొక్కెం ఏటో, గోడ ఏటో తెల్డం లేదు."

"ఆఖరి వరస చదివేశారు. ఇంకేం కావాలి బాబాయ్?" అన్నాను విసుగ్గా.

నెల తిరక్కుండానే ఆయన దించిన కొక్కెం కింద, బూడిద రంగు యూనిఫాంలో నిలబడ్డ, అదే షెడ్డులో పనిచేసే ఆయన తోడల్లుడి చెయ్యి నలిగిపోయింది. మోచేతి దాకా తీసేశారు.

తరవాత ఒక్కసారే వచ్చాడు. అడక్కుండానే స్టూలు మీద కూర్చుని ఆఖరి వరస గట్టిగా చదివాడు.

"సరిగ్గానే సదివినాను గదా బాబూ?"

అవునన్నాను. ప్రమాదం సంగతి విన్నాక కోల్‌కతా నుంచి తెప్పించిన లెన్సులు నా సొరుగులోనే ఉన్నాయి. బయటికి తీస్తే తప్పు నాదని తేలిపోతుంది. తియ్యలేదు.