గీత మరిచిన మానుయెల్ మొరేరా

ఒకే పేరు పదిమందికి ఉంటే వచ్చే చిక్కును రాజులు అంకెలతో తీర్చుకున్నారు. తాత మొదటివాడు, మనవడు మూడోవాడు. చరిత్ర పుస్తకాల్లో ఆ అంకెలు కనబడినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నేను తిరిగి తిరిగి చివరికి లంగరేసుకున్న ఈ పోర్చుగల్ ఉత్తరపు రేవులో రాజులు లేరు గాని మానుయెల్ మొరేరాలు మాత్రం కావలసినంతమంది ఉన్నారు. నేను చెప్పబోయే అరవయ్యో దశకంలో లెక్కకు తొమ్మండుగురు. వాళ్లలో నలుగురు ప్రముఖులు. ఒకాయన బిషప్పు, ఒకాయన పట్నంలో పెద్ద డాక్టరు, ఒకాయన రేడియోలో అకార్డియన్ వాయించేవాడు, ఒకాయన లిస్బన్ జట్టులో గోల్‌కీపరు. నేను చెప్పేది ఆ నలుగురి సంగతి కాదు, ఐదోవాడి సంగతి. పడవలకు రంగులేసేవాడు.

అతన్ని అందరూ తడిరంగు అనేవారు. పడవ దగ్గరికి ఎవరొచ్చినా "ముట్టుకోకు, తడిగా ఉంది" అనడం అతనికి అలవాటు. ఆఖరికి చర్చిలో బెంచీ మీద ఎవరైనా పక్కన కూర్చోబోయినా నాలుక చివర అదే మాట వచ్చి ఆగేది. ఊరంతా పట్టకారు అని పిలిచే గోల్‌కీపరు ఇతనికి స్వయానా అన్న. అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరేమిటంటే, ఇక్కడ బాప్తిస్మమప్పుడు బిడ్డకు పూచీ ఉండే జ్ఞానతండ్రి పేరే బిడ్డకు పెడతారు. ఇద్దరి జ్ఞానతండ్రులూ మానుయెల్‌లే. వాళ్లమ్మ అందుకు ఏమీ బాధపడలేదు. ఒక్క కేకకు ఇద్దరూ అన్నానికి వచ్చేవారట.

పేర్లతో మా రేవుకి పెద్దగా పని లేదు. ఇంటింటికీ ఒక గుర్తుంటుంది. నాలుగైదు కత్తిగాట్లతో అయిపోయే బొమ్మ. పడవ మీద, తెడ్డు మీద, వల బెండు మీద, టోపీ అంచున కూడా అదే. అక్షరం రానివాళ్లు కూడా గుర్తుల్ని తప్పు లేకుండా చదువుతారు. తండ్రి గుర్తు పెద్ద కొడుకులకు ఉన్నదున్నట్టు రాదు, పక్కన ఒక్కో గీత చేరుతుంది. గీత లేని శుద్ధమైన గుర్తు ఆఖరివాడిది. ముసలితనంలో అమ్మానాన్నల్ని చూసుకోవలసింది అతనే గనుక. ఈ పద్ధతి పెట్టినవాడెవడో గాని, వారసత్వం మీద నేను చదివిన లావుపాటి గ్రంథాలన్నిటికంటే బుర్ర ఉన్నవాడు.

మొరేరాల ఇంటి గుర్తు చంద్రవంక కింద కాకికాలు. పట్టకారుకు దాని పక్కన ఒక గీత, తడిరంగుకు ఉత్తదే. తండ్రి పక్షవాతంతో పద్నాలుగేళ్లు మంచాన ఉన్నాడు. పడవ అమ్మేశారు. తడిరంగు సముద్రానికి పోకుండా ఒడ్డునే ఉండి తండ్రికి నీళ్లుపోసి, జావపట్టి, మిగిలిన పొద్దంతా ఊరివాళ్ల పడవలకు రంగులూ గుర్తులూ వేసేవాడు. తుఫాను మర్నాడు తెల్లారగానే ఒడ్డంతా నడిచి, కొట్టుకొచ్చిన తెడ్లూ బుట్టలూ ఏరి, గుర్తు చూసి ఎవరివి వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. తండ్రి పోయాక కూడా ఆ నడక మానలేదు.

అప్పటికి యాభై దాటాయి, పెళ్లి లేదు. చేపలమ్మే బెల్మీరా అంటే అతనికి ప్రాణం. ఆమె భర్త జబ్బు చేసి పోయి చాలా ఏళ్లయింది. ఏటా జూన్‌లో పునీత అంతోనివారి పండక్కి మగవాళ్లు మనసైన ఆడమనిషికి రుద్రజడ మొక్క కుండీ ఇస్తారు. తడిరంగు ఏడేళ్లుగా ఇస్తున్నాడు. ఆమె కుండీ తీసుకునేది గాని మాట మాత్రం ఇచ్చేది కాదు. ఏడో కుండీ ఇచ్చిననాడు నేనక్కడే తిరగేసిన పడవ మీద కూర్చుని ఉన్నాను.

"ఏవయ్యా తడిరంగూ, ఏడు కుండీలయ్యాయి. నా కిటికీలో ఇంక చోటు లేదు," అంది తలమీద బుట్ట దించకుండానే.

"అయితే కుండీలతో సహా మా ఇంటికొచ్చెయ్. మా కిటికీ పెద్దది."

"నా మొగుడూ మానుయెల్ మొరేరానే. నిన్ను చేసుకుంటే కాయితాల్లో పేరు మార్చే పనుండదు. నీలో ఉన్న గొప్పంతా అదే."

"పోనీ, ఒక గొప్పైనా ఉంది కదా."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వాపి, వరసగా ఉన్న పడవల వైపు చూసింది. "నిజం చెప్తున్నా విను. వీటన్నిటి మీదా నువ్వేసిన గుర్తులే. నీది ఏదీ? పడవ లేదు, వల లేదు, తెడ్డు ముక్క లేదు. మీ అన్న గుర్తు లిస్బన్‌లో చేతి తొడుగుల మీద ఉందట. ఎప్పుడూ ఊళ్లోవాళ్లవే మోస్తావు. నీదని ఒక్కటి చూపించు, అప్పుడు మాట్లాడుకుందాం."

కుండీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. తడిరంగు కుంచె డబ్బాలో ముంచకుండానే చాలాసేపు పడవకి పూసుకుంటూ ఉండిపోయాడు.

ఆ నెలలోనే ఊరిపెద్దలు చేపల సంత గోడ మీద రేవు ప్రముఖుల పేర్లు నీలిరంగు పింగాణి పలకల మీద రాయించాలనుకున్నారు. రాసే పని తడిరంగుకే వచ్చింది. నాలుగు వరసలూ మానుయెల్ మొరేరాలే అయితే ఎవరు ఎవరని తెలిసేదెలా? ముద్దుపేర్లు రాద్దామంటే చిన్నప్పుడు బిషప్పుగారిది తేనెదొంగ. చివరికి ఫాదరుగారే దారి చూపారు, పేరు పక్కన ఇంటి గుర్తు వేస్తే సరి అని.

పలకల మీద రాశాక బట్టీలో కాలుస్తారు. కాలిన తర్వాత దేవుడొచ్చినా మార్చలేడు. తడిరంగు వారం రోజులు ఊపిరి బిగబట్టి రాశాడు. బిషప్పు, డాక్టరు, అకార్డియన్ అందంగా కుదిరారు. ఆఖరి వరస అన్నది. చంద్రవంక వేశాడు, కాకికాలు వేశాడు. "నీది ఏదీ" అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. చేయి అక్కడ ఆగిపోయింది. గీత పడలేదు.

ఆ సంగతి అతనికి తెలిసింది పలకలు కాలి వచ్చి గోడకెక్కిన తర్వాత. ఆగస్టులో దేవమాత మోక్షారోపణ పండక్కి ఆవిష్కరణ. రెండు రోజులే ఉంది. అతను ఉలి పట్టుకుని తాపీమేస్త్రీ దగ్గరికి పరిగెత్తాడు.

"ఒక్క గీత గీకితే చాలు."

"గీత పడదు తడిరంగూ, పలక పగుల్తుంది. గోడకి గుడ్డ కప్పేశాం, ఇంక దేవుణ్ణి తలుచుకో."

అతని ముఖం నేను మరిచిపోలేను. ప్రముఖుల మధ్యకి దొంగతనంగా దూరాడని ఊరంతా అంటుంది. అన్నని తుడిచేసి తనని రాసుకున్నాడంటుంది. బెల్మీరా ఒక్క గుర్తు చూపించమంది, ఇదా అతను చూపించేది? ఊరొదిలి పోతానన్నాడు. నాలాంటి దేశదిమ్మరిని బస్సు వేళలు అడిగాడు. పండగ రోజు ఒక్క బస్సూ లేదని అబద్ధం చెప్పాను. నా జీవితంలో నేనాడిన అబద్ధాల్లో అంత పనికొచ్చింది ఇంకొకటి లేదు.

పండగనాడు ఊరేగింపు అయ్యాక, కాల్చిన సార్డీన్ల పొగలో గుడ్డ తీశారు. ఫాదరుగారు పేర్లు చదివారు. అక్షరాలొచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. అక్షరం రాని కుస్తోదియా అవ్వ మాత్రం ముందుకొచ్చి పలకల మీద వేలుపెట్టి తన చదువు తను చదివింది.

"ఇది తేనెదొంగ. ఇది చేదుమందు. ఇది తిత్తి. ఇది..." వేలు ఆగింది. "ఇది మన తడిరంగు కదే."

"కాదవ్వా, అది పట్టకారు," అన్నారెవరో.

"నాకు చెప్తావేంటి. పట్టకారుకి గీతుండాలి. ఇది ఆఖరివాడిది. తడిరంగుదే." కాస్త ఆగి, తనలో తాను అన్నట్టు, "అయినా ఉండాల్సినవాడే. మొన్న చలికాలం నా ముసలాడి తెడ్డు తెచ్చిచ్చింది బిషప్పు కాదుగా," అంది.

వెనక నుంచి "మా బుట్టలు కూడా" అని ఒకరు, "మా వల బెండ్లు" అని ఇంకొకరు అన్నారు. అందరూ పట్టకారు వైపు చూశారు. లిస్బన్ నుంచి మంచి కోటేసుకుని వచ్చినవాడు, చేతిలో మొక్కజొన్న రొట్టె మీద సార్డీనుతో నిలబడి ఉన్నాడు. గుంపు వెనక గోడకు అతుక్కుపోయిన తమ్ముణ్ణి వెతికి పట్టుకున్నాడు.

"నన్ను జట్టులోంచి తీసేశావా తమ్ముడూ?"

"అన్నా, చెయ్యి జారింది. ఒట్టేసి చెప్తున్నా, చెయ్యి జారింది."

"జారనీలే. నేను బంతులు పట్టుకుంటుంటే నాన్నని పట్టుకుంది నువ్వు. పేరు నాది, గుర్తు నీది. ఇద్దరికీ సరిపోయింది." రొట్టెలో సగం తుంచి తమ్ముడి చేతిలో పెట్టాడు. "తిను. ముఖం చూస్తే మూడురోజుల చేపలా ఉన్నావు."

అప్పుడు బెల్మీరా వచ్చింది. పండగ బంగారం మెడలో వేసుకుని, నడుం మీద చేతులుంచి గోడ వైపు తీరిగ్గా చూసింది.

"ఒక్కటి చూపించమన్నాను. మరీ ఇంత పెద్దది అడగలేదు."

"బెల్మీరా, అది పొరపాటున..."

"పొరపాటైతే మాత్రం? కాలిపోయిందిగా, ఇంక చెరగదు." గొంతు తగ్గించింది. "ఏడు కుండీలున్నాయి. మొయ్యడానికి ఎప్పుడొస్తావు?"

అక్టోబరులో పెళ్లయింది. మా రేవులో కొత్త పెళ్లికొడుకు చర్చి వెనకగదిలో బల్ల మీద తన గుర్తు కత్తితో చెక్కుతాడు. నూరేళ్ల గుర్తులతో ఆ బల్ల గాట్లు గాట్లుగా ఉంటుంది. బెల్మీరా మొదటి భర్త గుర్తు కూడా అక్కడే ఉంది. తడిరంగు దాని పక్కన చోటు చూసుకుని కత్తి ఆనించాడు.

"అక్కడొద్దు," అంది బెల్మీరా. "ఆయనకి ఇరుకైతే పడదు. ఇటు రా, కిటికీ పక్కన వెలుతురుంది."

అతను చంద్రవంక చెక్కాడు, కాకికాలు చెక్కాడు. కత్తి ముడిచాడు. రజను ఊదడానికి ఆమె వంగితే, "ముట్టుకోకు," అనేశాడు.

ఆమె వేలితో ముట్టుకుని చూసింది. "ఆరిపోయింది పద, వాళ్లంతా భోజనానికి కూర్చున్నారు."